పుస్తకానికి చెవుల్లేవు

ఏమర్రా, మీ ఇంట్లో గిటార్ ఉందా? ఆలోచించకుండా లేదనేయకండి. ఒకసారి బీరువా పైన చూడండి. అక్కడ లేకపోతే మంచం కింద చూడండి. ఇంటర్ సెలవుల్లో పిల్లాడు పట్టుబట్టి కొనిపించుకుని, కాలేజీలో సీటొచ్చేసరికి మరిచిపోయిన గిటార్లు మన ఇళ్ళల్లో ఎన్ని ఉన్నాయో! నల్ల సంచి, దాని ముందు జేబులో ఒక బిగినర్స్ పుస్తకం. మొదటి నాలుగు పేజీలు నలిగి ఉంటాయి, మిగతావి ఇంకా కొత్త కాగితం వాసనేస్తూ ఉంటాయి. పిల్లాడేమో బెంగుళూరులోనో డాలస్‌లోనో ఉద్యోగం చేసుకుంటున్నాడు. గిటార్ మనింట్లో ఉంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మనకి కాస్త తీరికా ఉంది. ఊరికే పడుండనివ్వడం దేనికి?

నేను మాత్రం ఊరుకోలేదు. "పెళ్ళికి ముందు సంగీతం నేర్చుకున్నావుగా, అది పాడుకోరాదూ వదినా, ఈ గిటారెందుకు?" అని మా ఆడపడుచు నవ్వింది. నవ్వనిచ్చి, పుస్తకం తెరిచాను.

దాంతో కూర్చున్నాక నాకు తెలిసొచ్చిన సంగతొకటుంది. పుస్తకం మంచి మేష్టారే. విసుక్కోదు, ఫీజు అడగదు, అదే పాఠం వందసార్లు చెప్పమన్నా చెబుతుంది. కానీ దానికి చెవుల్లేవు. మనం వాయించింది ఒప్పో తప్పో చెప్పలేదు. ఆ పని మన చెవే చెయ్యాలి. అంటే మన చెవికి ముందే బాగా తెలిసినదాంతో మొదలెట్టాలన్నమాట. పిల్లలు నాలుగో పేజీ దగ్గర ఆగిపోవడానికి బద్ధకం కంటే ఇదే పెద్ద కారణమని నా అనుమానం. ఎలాగో చెబుతాను.

ముందు, "పుస్తకం చూసి సంగీతం వస్తుందా?" అనేవాళ్ళు మీ ఇంట్లోనూ ఉంటారు కదా, వాళ్ళకోసం రెండు మూడు కబుర్లు దగ్గర పెట్టుకోండి. 1957లో ఇంగ్లండ్‌లో బెర్ట్ వీడన్ అనే గిటారిస్టు ‘ప్లే ఇన్ ఎ డే’ అని ఒక పుస్తకం వేశాడు. ఒక్కరోజులో వాయించెయ్యొచ్చట! పేరు శుద్ధ అబద్ధం. ఒక్కరోజులో శ్రుతి చేసుకోవడం పట్టుబడితే గొప్ప. అయితేనేం, ఆ పుస్తకం ముందేసుకుని కూర్చున్న కుర్రాళ్ళెవరో తెలుసా? పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, ఎరిక్ క్లాప్టన్, బ్రయన్ మే. మొదటి ఇద్దరూ తర్వాత బీటిల్స్ అయ్యారు, చివరాయన క్వీన్ బృందంలో వాయించాడు. పుస్తకంతో పని జరగనప్పుడు ఏం చేశారన్నది ఇంకా బాగుంటుంది. ‘బి సెవెన్త్’ అనే కార్డ్ (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మీటే పట్టు) తెలిసినవాడు ఊరికి అవతలి కొసన ఒకడున్నాడని విని, లివర్‌పూల్‌లో బస్సెక్కి వెళ్ళి నేర్చుకొచ్చామని మెకార్ట్నీ చెప్పుకున్నాడు. ఒక్క కార్డ్ కోసం! ఆవకాయ పాళ్ళు కనుక్కోవడానికి మనం నాలుగు వీధులు దాటి పెద్దావిడ దగ్గరికి వెళ్ళమూ, అలాగే.

అమెరికాలో మెల్ బే అని ఇంకొకాయన. 1913లో మిస్సోరీ రాష్ట్రంలో బంకర్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. పదమూడో ఏట సియర్స్ రోబక్ కంపెనీ నుంచి గిటార్ తెప్పించుకున్నాడు. నేర్పేవాళ్ళు లేరు. తెలిసినవాళ్ళు వాయిస్తుంటే వాళ్ళ వేళ్ళు చూసి పట్టేశాడు. పెద్దయ్యాక 1947లో సొంతంగా ప్రచురణ సంస్థే పెట్టి, గురువు దొరకనివాళ్ళ కోసం పుస్తకాలు రాస్తూ పోయాడు. అంతకంటే వెనక్కి పోతే, 1536లోనే స్పెయిన్‌లో, వలెన్సియా నగరంలో, లూయిస్ మిలాన్ ‘ఎల్ మాయెస్త్రో’ అనే పుస్తకం అచ్చువేశాడు. గిటార్‌కి దగ్గర చుట్టమైన విహువేలా వాద్యం కోసం, తేలిక పాఠాలు ముందూ కష్టమైనవి వెనకా పెట్టి రాసిన పుస్తకం అది. ఇప్పటి పుస్తకాల్లో ‘ట్యాబ్’ అని ఆరు గీతలు గీసి వాటిమీద అంకెలు వేస్తారు చూశారా, ఆ తరహా రాత అప్పటికే ఉంది. కాబట్టి పుస్తకం చూసి తీగ మీటడం మనతో మొదలైన వింతేం కాదు.

సరే, పనిలోకి దిగుదాం. మా పుస్తకం మొదటి పేజీలో గిటార్ ఎలా పట్టుకోవాలో ఒక బొమ్మ వేశారు. ప్యాంటూ చొక్కా వేసుకున్న అబ్బాయి. ఆ బొమ్మ వేసినాయనకి గాజులూ, పమిటా, మెడలో గొలుసూ ఏం తెలుస్తాయి పాపం. అవి నేను చెబుతాను వినండి. కుడిచేతి గాజులు గిటార్ చెక్కకి తగిలి ప్రతి దెబ్బకీ టకటకమంటాయి. తీసి పక్కన పెట్టుకోండి. గొలుసు జాకెట్లోకి తోసెయ్యండి. పమిట బొడ్లో దోపండి. పమిటకి పెట్టిన పిన్నీసుందే, అది గిటార్ వెనక చెక్కని గీకిపారేస్తుంది, దాన్ని మాత్రం మరిచిపోకండి. సోఫాలో కూలబడితే లాభం లేదు. చేతుల్లేని కుర్చీ, లేదా స్టూలు కావాలి. ఎడమచేతి గోళ్ళు మొదలంటా తీసేసుకోవాలి, తప్పదు. కుడిచేతివి మీ ఇష్టం.

ఇంకోటి. అంట్లు తోమి, బట్టలు జాడించి, ఆ తడిచేత్తోనే వచ్చి కూర్చోకండి. నీళ్ళలో నానిన వేళ్ళ కొసలు మెత్తబడి ఉంటాయి, తీగ చురుక్కున దిగుతుంది. చేతులు బాగా పొడిబారేదాకా ఆగండి. మొదటి వారాల్లో ఎలాగూ నొప్పి ఉంటుంది. తర్వాత వేళ్ళ కొసల చర్మం గట్టిపడి అదే పోతుంది. ఆదివారం ఒక్కపూటే మూడు గంటలు కూర్చునేకంటే రోజూ పావుగంట కూర్చోవడం వేళ్ళకీ మంచిది, చెవికీ మంచిది.

తీగల సంగతి చూసుకోండి. ఏళ్ళ తరబడి సంచిలో ఉన్నవైతే, అందులోనూ విశాఖ, కాకినాడల్లాంటి సముద్రపు గాలి ఊళ్ళల్లో, తుప్పు పట్టి గరుకెక్కి ఉంటాయి. కొత్తవి వేయించండి, పెద్ద ఖర్చేం కాదు. కానీ మీది నైలాన్ తీగల గిటారో స్టీలు తీగలదో ముందు చూసుకోండి. నైలాన్ గిటార్‌కి స్టీలు తీగలు బిగిస్తే ఆ లాగుడుకి కింద తీగలు కట్టే బ్రిడ్జి ఊడి చేతికొస్తుంది. వేళ్ళు సుకుమారమనుకునేవాళ్ళకి నైలానే హాయి. వాయించడం అయిపోయాక మళ్ళీ బీరువా మీదికి ఎక్కించకండి. మే నెల విజయవాడ ఎండలకి కప్పు దగ్గర సెగకి జిగురు సడలుతుంది, మెడ వంగుతుంది.

ఇక శ్రుతి. ఇక్కడే నాకు హుషారు పుట్టింది. గిటార్‌కి ఆరు తీగలు. సన్నది ఒకటో నంబరు, పట్టుకున్నప్పుడు నేలవైపుంటుంది. లావుది ఆరో నంబరు, మన గడ్డం వైపుంటుంది. లావు తీగ నుంచి సన్నదానికి ఇ, ఎ, డి, జి, బి, ఇ. పుస్తకం ఏమంటుందంటే, ఆరో తీగని ఐదో ఫ్రెట్ దగ్గర నొక్కితే వచ్చే స్వరానికి ఐదో తీగని కలపండి, ఐదో తీగని అలాగే నొక్కి నాలుగోదాన్ని కలపండి, అలా సాగండి, ఒక్క మూడో తీగని మాత్రం నాలుగో ఫ్రెట్ దగ్గర నొక్కి రెండోదాన్ని కలపండి అని. ఫ్రెట్ అంటే వీణ వాళ్ళ మెట్టే. చదివితే తల తిరుగుతుంది. పాడుకుంటే అందులో ఏముంది? ఒక తీగని ‘స’ అనుకుంటే తర్వాతి తీగ ‘మ’. స–మ, స–మ. మూడో తీగకీ రెండో తీగకీ మధ్య మాత్రం స–గ, అంతర గాంధారం. నాలుగు నెలలు సంగీతం మేష్టారి ముందు చాప మీద కూర్చున్న ఆడపిల్లకి ఇది ఒకరు చెప్పాలా?

ఫోన్లో ట్యూనర్ యాప్‌లున్నాయి, వాడుకోండి, తప్పులేదు. అయితే అందులో కొన్ని అక్షరం చూపించి ఊరుకుంటాయి, మంద్రమో తారమో చెప్పవు. దాన్నే నమ్మి పై ‘ఇ’ కోసం బిగిస్తూ పోతే తీగ పుటుక్కున తెగుతుంది. మర తిప్పేటప్పుడు మొహం కాస్త దూరంగా పెట్టుకోండి.

శ్రుతి అయ్యాక మొదటి పాఠం. ఇలాంటి పుస్తకాలు చాలా మటుకు సన్నతీగతోనే మొదలవుతాయి. ఊరికే మీటితే ఇ, మొదటి ఫ్రెట్ నొక్కితే ఎఫ్, మూడోది నొక్కితే జి. ఫ్రెట్ కమ్మీ మీద కాదు, రెండు కమ్మీల నడిమధ్యనా కాదు, కమ్మీకి కాస్త ఇవతల, ఆనుకునీ ఆనుకోకుండా నొక్కాలి. అక్కడైతే తక్కువ బలంతో స్వరం శుభ్రంగా పలుకుతుంది. దూరం జరిగితే జీరపోతుంది. మెడ వెనక బొటనవేలు ఊరికే ఆనించి ఉంచాలి, పీక పిసికినట్టు పట్టుకోకూడదు.

ఆ మూడు స్వరాలతో, తర్వాత ఐదారు స్వరాలతో పాటలు మొదలవుతాయి. ఏం పాటలు? ‘మేరీ హ్యాడ్ ఎ లిటిల్ లాంబ్’, ‘వెన్ ది సెయింట్స్’, బేథోవెన్ తొమ్మిదో సింఫనీలోని ఆనంద గీతం. ఆ చివరిదాన్ని నేను తక్కువ చెయ్యను. 1824 నాటి అంత మహా రచనలో ఆ వరస చిన్న పిల్లలు కూడా పాడుకునేంత తేలిక, స్వరం పక్క స్వరానికే నడుస్తుంది, దూకుళ్ళు దాదాపు ఉండవు. పుస్తకం రాసేవాళ్ళు దాన్ని ఊరికే ఎంచుకోలేదు. పిల్లలకి కాన్వెంటు పుణ్యమా అని ‘జింగిల్ బెల్స్’ కూడా వచ్చు. కానీ మిగతా పాటలో? అవి అమెరికా పిల్లాడికి అమ్మ ఒళ్ళో విన్న పాటలు. తప్పు మీటితే వాడి చెవి చటుక్కున పట్టేస్తుంది. పుస్తకానికి చెవుల్లేకపోయినా వాడికి లోటు లేదు. మనం ఎన్నడూ వినని వరసని అంకెలు చూసి మీటుతూ ఉంటే అది ఒప్పో తప్పో ఎలా తెలియాలి? తెలియనప్పుడు సరదా ఎక్కడుంటుంది? ఆ పేజీల దగ్గరే సంచి జిప్పు పడిపోతుంది.

అందుకని నేనేం చేశానంటే, పుస్తకం పక్కన నా పాత సంగీతం నోటు పుస్తకం పెట్టుకున్నాను. మనలో చాలామందికి ఆ కథ ఒకటే కదా. సరళీ వరసలు, జంట వరసలు, అలంకారాలు, పిళ్ళారి గీతాలు, ఆపైన సంబంధం కుదిరింది. పెళ్ళిచూపుల్లో ఒక కీర్తన పాడించుకున్నవాళ్ళు ఆ తర్వాత మళ్ళీ పాడమని అడిగిన పాపాన పోలేదు. పోనివ్వండి. ఆ సరళీ వరసలు మాత్రం ఎక్కడికీ పోలేదు. నిద్రలో లేపి అడిగినా చెబుతాం. తప్పు స్వరం పడితే ఒళ్ళు జలదరిస్తుంది. పుస్తకానికి లేని చెవి మనకి ఎన్నడో అమర్చిపెట్టారన్నమాట.

ఆడవాళ్ళం సాధారణంగా ఐదు శ్రుతికి అటూ ఇటూగా పాడతాం. ఐదు శ్రుతి అంటే పాశ్చాత్యుల లెక్కలో జి. గిటార్ మూడో తీగ ఏమిటి? జి! నొక్కే పనే లేదు, ఊరికే మీటితే మన ఆధార షడ్జం. ఇప్పుడు గిటార్ ఒళ్ళోకి తీసుకుని నాతో రండి, మాయామాళవగౌళ. మూడో తీగ ఖాళీగా: స. అదే తీగ మొదటి ఫ్రెట్: శుద్ధ రిషభం. రెండో తీగ ఖాళీగా: అంతర గాంధారం. రెండో తీగ మొదటి ఫ్రెట్: మ. మూడో ఫ్రెట్: ప. నాలుగో ఫ్రెట్: శుద్ధ ధైవతం. ఒకటో తీగ రెండో ఫ్రెట్: కాకలి నిషాదం. మూడో ఫ్రెట్: పై షడ్జం. మొత్తం సరళీ వరసలన్నీ నాలుగు ఫ్రెట్ల లోపల, మూడు తీగల మీద అయిపోయాయి. చూపుడువేలు మొదటి ఫ్రెట్‌కి, మధ్యవేలు రెండో దానికి, ఉంగరం వేలు మూడోదానికి, చిటికెన వేలు నాలుగోదానికి. పుస్తకం ఎంతో కష్టపడి చెప్పే ‘ఒక్కో ఫ్రెట్‌కి ఒక్కో వేలు’ సూత్రం ఇదే. చిటికెన వేలికి ధైవతం దగ్గర మంచి సాధన. మొదట్లో అది వణుకుతుంది, వణకనివ్వండి.

మలహరి రాగంలోని పిళ్ళారి గీతాలకీ ఇవే చోట్లు సరిపోతాయి, నిషాదం ఒక్కటీ అక్కర్లేదు. రి ఒక ఫ్రెట్ ముందుకి జరిపి, ధైవతానికి ఒకటో తీగ ఖాళీగా మీటితే శంకరాభరణం. పుస్తకంలో ‘జి మేజర్ స్కేల్’ అని రాసి ఉండేది అదే. ఆ పేజీకి వచ్చేసరికి అది మీకు కొత్తగా ఉండదు. ఐదున్నర శ్రుతివాళ్ళు కేపో అనే క్లిప్పు కొనుక్కుని మొదటి ఫ్రెట్‌కి బిగించుకోండి, ఆరువాళ్ళు రెండో ఫ్రెట్‌కి. అక్కణ్ణుంచి లెక్క అంతా మామూలే.

మంచి లాభం ఇంకోటుంది. నాలుగో తీగ డి, అంటే మంద్ర పంచమం. నాలుగో తీగా మూడో తీగా బొటనవేలితో ప–స, ప–స అని మెల్లగా మీటుతూ ఉంటే పాడుకోవడానికి శ్రుతి వచ్చేస్తుంది. దీపం పెట్టి నాలుగు శ్లోకాలు చదువుకునేటప్పుడు ప్రయత్నించండి. అది గిటారని దేవుడికి అభ్యంతరం ఉన్నట్టు ఎక్కడా వినలేదు.

గమకం లేని మలహరి చప్పగా లేదూ అని సంగీతం బాగా వచ్చిన చెల్లెళ్ళు మూతి విరుస్తారని తెలుసు. నిజమే. వీణ మీద తీగని మెట్టు మీద పక్కకి లాగినట్టు గిటార్ మీదా లాగొచ్చు, స్టీలు తీగైతే బాగా లొంగుతుంది, నైలాన్ అంతగా లొంగదు. కానీ అది మొదటి నెల పని కాదు.

పుస్తకం లేకుండా మనకి గడవనిది కార్డ్స్ దగ్గర. మూడు నాలుగు స్వరాలు ఒకేసారి పలికించడం మన కర్ణాటక సంగీతంలో లేదు, మేష్టారు చెప్పలేదు, చెవికీ అలవాటు సినిమా పాటల పుణ్యమే. ఇళయరాజా పాటల్లో గిటార్ విని పెరిగిన చెవులు మనవి. ఆయన లండన్ ట్రినిటీ కాలేజీ వాళ్ళ క్లాసికల్ గిటార్ పరీక్ష రాసి బంగారు పతకం తెచ్చుకున్న మనిషి, తమాషా కాదు. మీరు ‘ఇ మైనర్’తో మొదలెట్టండి. ఐదో తీగా నాలుగో తీగా రెండో ఫ్రెట్ దగ్గర రెండు వేళ్ళతో నొక్కి, ఆరు తీగలూ పై నుంచి కిందికి ఒక్కసారి మీటండి. రెండే వేళ్ళు, ఇల్లంతా నిండిపోయేంత నాదం. కూరలో పోపు పెడుతున్న కోడలు కూడా వంటింట్లోంచి తొంగి చూస్తుంది.

తర్వాత జి, సి, డి. ఇక్కడ కష్టం కార్డ్ పట్టడంలో లేదు, ఒక కార్డ్ నుంచి ఇంకోదానికి మారడంలో ఉంది. దానికి కుడిచెయ్యితో పనే లేదు. టీవీ నడుస్తుండగా చప్పుడు చెయ్యకుండా ఎడమచెయ్యితో మాత్రమే పట్టడం, వదలడం, మార్చడం. మావారికి వార్తలు వినబడతాయి, నాకు సాధన అవుతుంది. ఎఫ్ కార్డ్ అని ఒకటి వస్తుంది, చూపుడువేలు అడ్డంగా పరిచి ఆరు తీగలూ ఒకేసారి నొక్కాలి. చాలామంది గిటార్ వదిలేసేది అక్కడే. నా మాట విని, దాన్ని తర్వాతకి వాయిదా వెయ్యండి. జి, సి, డి, ఇ మైనర్ నాలుగింటితో బోలెడు పాటలు నడుస్తాయి. ఆ పేజీ చెంగుమని దాటేసినా పుస్తకం ఏమీ అనుకోదు.

వయసు మాటెత్తేవాళ్ళకి ఎలిజబెత్ కాటన్ గురించి చెప్పండి. అమెరికాలో నార్త్ కరోలినాలో పుట్టిన నల్లజాతి ఆవిడ. చిన్నతనంలో ఇళ్ళల్లో పనిచేసి డబ్బులు కూడబెట్టి గిటార్ కొనుక్కుంది. ఎడమచేతి వాటం కావడంతో తీగలు మార్చకుండా గిటార్‌నే తలకిందులుగా పట్టుకుని, తనకి తానే ఒక పద్ధతి కనిపెట్టుకుంది. ‘ఫ్రైట్ ట్రెయిన్’ అనే పాట ఆ రోజుల్లో కట్టిందే. తర్వాత పెళ్ళి, పాప, చర్చిలో అవి పాడకూడదన్నారు, మానేసింది. ఏళ్ళూ పూళ్ళూ గడిచిపోయాయి. వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా తప్పిపోయిన పాపని తల్లికి అప్పజెప్పింది. ఆ తల్లి రూత్ క్రాఫోర్డ్ సీగర్, ఇల్లంతా సంగీతమే. వాళ్ళింట్లో పనికి కుదిరి, అక్కడున్న గిటార్ తీసి మళ్ళీ వేళ్ళు ఆడించింది. 1958లో మొదటి రికార్డు వచ్చేసరికి అరవై దాటింది. తొంభై ఏళ్ళు నిండాక గ్రామీ అవార్డు తీసుకుంది. ఆవిడకి పుస్తకం కూడా లేదమ్మా.

చివరగా ఆ చెవుల సంగతి. వాయిస్తున్నప్పుడు మన ధ్యాసంతా వేళ్ళ మీదే ఉంటుంది, సరిగ్గా వినం. ఫోన్లో రికార్డు చేసుకుని మర్నాడు పొద్దున్న కాఫీ తాగుతూ వినండి. తాళం ఎక్కడ పరిగెత్తిందో, ఏ తీగ జీరపోయిందో అప్పుడు తెలుస్తుంది. అయినా తెలియనివి ఉంటాయి. మణికట్టు నొప్పి పుడుతోందనుకోండి, అది కూర్చునే తీరులో తేడా, చూసి చెప్పే మనిషి కావాలి, పుస్తకంతో కాదు. నెలకోసారి ఊళ్ళో ఎవరైనా గిటార్ నేర్పే అబ్బాయి దగ్గరికి వెళ్ళిరండి. పుస్తకంలో అనుమానం వచ్చిన చోటల్లా పెన్సిలుతో గుర్తు పెట్టుకుని పట్టుకెళ్ళండి, గంటలో అన్నీ తేలిపోతాయి. ఆంటీ అని మొహమాటపడి డబ్బులు వద్దంటాడు, వినకండి, గంటకెంతో ముందే అడిగి చేతిలో పెట్టండి. పిల్లల ట్యూషన్‌కి ఇవ్వలేదూ మనం?